పెరటి గదికి ఆరు నకళ్ళు

ఆ ఆదివారం పొద్దున ఓబులేసు వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగాలి. పెరట్లో జామచెట్టు పక్కన స్థలం కొలవాలి. పది గంటలకల్లా నంద్యాలలో ఉన్న అక్కకు ఉత్తరం రాసి డబ్బాలో వేసి రావాలి. "గది మొదలుపెడుతున్నాను, ఉగాదికి నువ్వు ఇక్కడే ఉంటావు" అని రాస్తే చాలు. అప్పటికి 1967లో దసరా వెళ్ళి వారమైంది. తార్నాకలో సొంత ఇల్లు, ఇంటి వెనక ఇరవై అడుగుల పెరడు ఉన్న మనిషికి అదేమీ గొంతెమ్మ కోరిక కాదు.

అక్క పేరు జయమ్మ. ఓబులేసుకు ఆరేళ్ళప్పుడు తల్లి పోతే, పదిహేనేళ్ళ జయమ్మే వాడికి తల్లయింది. పెళ్ళయిన ఆరేళ్ళకే ఆమె భర్త పోయాడు. అప్పటినుంచి సినిమా హాలు గేటు దగ్గర బొరుగులు అమ్మి తమ్ముణ్ణి చదివించింది. వాడు ఉద్యోగంలో చేరాక తన బరువు వాడి మీద పడకూడదని మరిది ఇంటికి వెళ్ళిపోయింది. ఇరవయ్యొక్క ఏళ్ళుగా అక్కడ పదకొండు మందికి వండి పెడుతోంది. ఆ పొయ్యి వెలిగించేది ఆమే గాని, ఏం తినాలని ఉందని ఆమెను అడిగినవాళ్ళు లేరు. అలాంటి మనిషి నోరు తెరిచి మొదటిసారి ఒక కోరిక కోరింది. "నాకు చేతకావడం లేదు నాయనా. నీ పెరట్లో ఒక మూల, నాదంటూ ఒక పొయ్యి. నాకు తినాలనిపించినప్పుడు ఇంత ఉగ్గాని చేసుకునేంత చోటు ఉంటే చాలు. ఇంట్లోకి మాత్రం రాను, రెండు గదుల్లో నలుగురు పిల్లలతో రమాదేవికే చాలడం లేదు" అని కార్డు రాయించింది. ఓబులేసు ఆ కార్డును శనివారం నుంచీ చొక్కా జేబులోనే పెట్టుకు తిరుగుతున్నాడు.

ఇక్కడ ఓబులేసుకున్న జబ్బు గురించి చెప్పాలి. ఆయన యూనివర్సిటీలో సర్టిఫికెట్ల విభాగానికి సూపరింటెండెంటు. ఇరవయ్యొక్క ఏళ్ళ సర్వీసులో ఆయన చేతిమీదుగా వెళ్ళిన ఏ కాగితమూ ఒంటరిగా వెళ్ళలేదు. కింద ఎడమవైపు "నకలు:" అని రాసి, ఎవరెవరికి పంపుతున్నాడో వరసగా పేర్కొంటేగాని ఆయనకు సంతకం పెట్టబుద్ధయ్యేది కాదు. పాలు నీళ్ళగా ఉంటున్నాయని పాలు పోసే ఉప్పలమ్మకు ఒకసారి చీటీ రాసి, దాని నకలు ట్రంకుపెట్టెలో దాచాడు. ఉప్పలమ్మకు చదువు రాదు.

ఓబులేసు టేపు పట్టుకుని పెరట్లో వంగి ఉండగా, గోడ అవతలనుంచి దానియేలు తల పైకి లేచింది. అతను లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. నోట్లో వేపపుల్ల ఉంది.

"ఏంది సారూ, పొద్దుగాల్నే జాగ కొలుస్తున్నరు?"

"మా అక్కకు ఒక గది వేద్దామని, దానియేలూ."

"మంచి మాట. మా మేస్త్రి వీరస్వామిని తోలిస్త. పదిహేను దినాలల్ల లేపుతడు. ఏడెనిమిది వందలల్ల అయిపోతది. నాది గట్లనే ఏసిన గద."

"నీకు పర్మిషన్ ఎవరిచ్చినారు?"

దానియేలు వేపపుల్ల తీసి నవ్వాడు. "పర్మిషనా? పెరట్ల మూలకు రూము ఏస్కుంటే ఎవలకేం నష్టం సారూ? అడిగినోడు లేడు, చూసినోడు లేడు."

"రూలు అనేది ఒకటి ఉంటుంది కదప్పా. నేనే తప్పితే, రేపు నా టేబులు ముందర నిలబడే పిల్లోళ్ళకు ఏం మొగం పెట్టుకొని చెప్పేది?"

ఊరుకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదని పెద్దలు అన్నారు. ఓబులేసు ఊరుకోలేదు. పది గంటలకు అక్కకు రాయవలసిన ఉత్తరం అలాగే ఉండిపోయింది, దాని బదులు అర్జీ తయారైంది. "నా మీద ఆధారపడిన, భర్త పోయిన నా అక్కగారి నివాసం కోసం" అని స్పష్టంగా రాశాడు. అసలు ప్రతి మున్సిపల్ ఆఫీసుకు. కార్బన్ కాగితాలు పెట్టి తీసిన ఆరు నకళ్ళు యూనివర్సిటీకి, నీళ్ళ శాఖకు, కరెంటు ఆఫీసుకు, ఆరోగ్య శాఖకు, మున్సిపల్ ఆఫీసులోనే ఒక పై అధికారికి, చివరిది తన ఫైలుకు. భార్య రమాదేవి ఆ జాబితా చూసి ముక్కున వేలేసుకుంది.

"ఏమండీ, గోడ లేవకముందే గృహప్రవేశానికి పిలుస్తా ఉన్నారా?"

"నీకు తెలీదులే. అందరికీ ముందే చెప్పినామంటే రేపు ఎవరూ అడగరు."

అందరూ అడిగారు. నీళ్ళ శాఖ మనిషి వచ్చి, ఓబులేసు కోరని కొత్త కొళాయి గురించి విచారించి, ఉన్న కొళాయి కారుతోందని కనిపెట్టి, అది బాగుచేసేదాకా నీళ్ళు కట్టేసి వెళ్ళాడు. కరెంటు ఆఫీసు వాళ్ళు జామచెట్టు కొమ్మ తీగకు దగ్గరగా ఉందని సగం చెట్టు కొట్టించారు. ఆరోగ్య శాఖ నుంచి ఇద్దరు వచ్చి ఇల్లంతా దోమల మందు కొడితే, పిల్లలు రెండు రోజులు దానియేలు ఇంట్లో పడుకున్నారు. యూనివర్సిటీ సమ్మతి పత్రం తెస్తేగాని అర్జీ చూడమని మున్సిపల్ ఆఫీసు రాసింది. మున్సిపల్ అనుమతి తెస్తేగాని సమ్మతి ఇవ్వమని యూనివర్సిటీ రాసింది. రెండు జవాబులూ ఒకే రోజు టపాలో వచ్చాయి. ఓబులేసు రెండింటికీ విడివిడిగా జవాబులు రాసి, ఒకదాని నకలు రెండోవారికి, రెండోదాని నకలు మొదటివారికి పంపాడు.

అంతలో క్యాంపస్‌లో ఇంకో కబురు పొక్కింది. ఓబులేసుగారు తార్నాకలో అద్దెకిచ్చే గది వేస్తున్నారట! హాస్టల్లో చోటు దొరకని పిల్లలు వరస కట్టారు. సర్టిఫికెట్ కోసం వచ్చినవాళ్ళు కూడా ముందు గది సంగతి అడిగేవారు. ఒకడైతే అప్పుడే పరుపు చుట్ట తెచ్చి ఆయన బల్ల పక్కన పెట్టాడు. ఈ సందడి పైకి పాకి, ఓబులేసుకు ఒక మెమో వచ్చింది. "తమరు అనుమతి లేకుండా విద్యార్థులకు వసతిగృహం నడపబోతున్నారని తెలియవచ్చినది. మూడు రోజులలో సంజాయిషీ ఇవ్వవలెను." ఇరవయ్యొక్క ఏళ్ళలో ఎందరికో మెమోలు టైపు చేయించిన ఓబులేసు, తన పేరున్న మెమోను మొదటిసారి చదివాడు. సంజాయిషీ నాలుగు పేజీలు రాశాడు. దానికీ ఆరు నకళ్ళు.

జనవరిలో అక్క దగ్గరనుంచి కార్డు వచ్చింది. "గది అయిందా నాయనా? తొందరేం లేదు. చలికి వరండాలో పడుకుంటే కొంచెం దగ్గు వస్తా ఉంది, అంతే."

ఆ కార్డు ఆఫీసులో చేతికందింది. ఓబులేసు దాన్ని పట్టుకుని రికార్డు గదిలోకి వెళ్ళి, పాత కట్టల మధ్య నిలబడి ఏడ్చాడు. మూడు నెలలుగా తను చేసిందేమిటో ఆయనకు అప్పుడు తెలిసింది. అక్క పొయ్యి అడిగితే తను కాగితాలు పోగేశాడు. ఆ సాయంత్రమే సైకిలెక్కి మున్సిపల్ ఆఫీసు ముందు ప్లాన్లు గీసే వెంకటేశం దగ్గరికి వెళ్ళాడు.

వెంకటేశం పెరటి కొలతలు విని, పెన్సిలుతో రెండు గీతలు గీసి, చెవి వెనక పెన్సిలు పెట్టుకున్నాడు.

"సార్, మనుషులుండే రూము అంటే ఇంటికి పది ఫీట్లు దూరముండాలె. మూడు దిక్కుల గోడలకు అయిదయిదు ఫీట్లు ఇడువాలె. మీ పెరడు ఇరవై, పద్దెనిమిది. మీకు మిగిలేది అయిదు, ఎనిమిది. గోడల మందం తీసేస్తే లోపట మూడున్నర, ఆరున్నర."

"ఆ గదిలో ఏం చేయొచ్చప్పా?"

"మనిషి పండొచ్చు సార్. లేవరాదు."

ఓబులేసు బెంచీ మీద కూలబడ్డాడు. వెంకటేశానికి జాలేసింది. గొంతు తగ్గించి అన్నాడు. "ఫికర్ చెయ్యకుండ్రి. పశువుల కొట్టం అని రాస్తే ఇంటికి ఆరు ఫీట్లు, గోడలకు రెండ్రెండు ఇడిస్తే చాలు. పది, పన్నెండు రూము వస్తది. ఫీజు సుత తక్కువనే, యూనివర్సిటీ కాయిదం అడుగరు. మీ అక్క బర్రెకన్న పెద్దగ లేదు గద?"

"అబద్ధం రాయమంటావా?"

"అబద్ధమేంది సార్! ఊళ్ళె సగం కొట్టాలల్ల మనుషులే ఉన్నరు. ఒక్క దస్తఖత్ చెయ్యుండ్రి, గంతే."

మనిషి కంటే బర్రె మీద సర్కారుకు అంత దయ ఎందుకో ఓబులేసుకు అర్థం కాలేదు. జేబులో ఉన్న కార్డు మాత్రం గుండెకు గుచ్చుకుంటోంది. సంతకం పెట్టాడు. తెలిసి తెలిసి కాగితం మీద ఆయన పెట్టిన మొదటి అబద్ధం అది. అలవాటు ఎక్కడికి పోతుంది? ఇంటికొచ్చాక దానికీ ఆరు నకళ్ళు తీసి, మొదటి అర్జీ ఎవరెవరికి వెళ్ళిందో వాళ్ళందరికీ పంపాడు.

పశువుల పాకకు తాత్కాలిక అనుమతి వచ్చేసరికి ఉగాది దాటిపోయింది. కట్టడం అయ్యాక తనిఖీకి వచ్చి ఖాయం చేస్తామన్నారు. వీరస్వామి మే నెలంతా పనిచేశాడు. దక్షిణం గోడకు కిటికీ పెట్టమంటే పెట్టాడు. తూర్పు గోడలో దీపం గూడు చెయ్యమన్నప్పుడు మాత్రం తాపీ కింద పెట్టాడు.

"సారూ, బర్రెకు దీపమెందుకు? సదువుకుంటదా?"

"నువ్వు కట్టు వీరస్వామీ."

"ఈ మూలకు పొయ్యేంది మల్ల?"

"కుడితి కాచడానికి."

వీరస్వామి తల గోక్కుని పొయ్యి వేశాడు. చదువుకున్నవాళ్ళ పశువులు కూడా వేరే రకంగా ఉంటాయనుకున్నాడు కాబోలు.

జూన్‌లో తొలకరి పడ్డ మర్నాడు జయమ్మ కాచిగూడ స్టేషన్లో దిగింది. ఒక రేకు పెట్టె, ఒక బొరుగుల మూట. మనిషి సగమైపోయింది. రిక్షాలో దారి పొడుగునా దగ్గుతూనే ఉంది. పెరట్లోకి తీసుకెళ్ళి గది చూపిస్తే గడప దగ్గర ఆగిపోయింది. లోపలికి వెళ్ళి సున్నం తడి ఆరని గోడను అరచేత్తో నిమిరింది. పొయ్యి ముందు కూర్చుంది.

"ఇది నాదేనా ఓబులా?"

"నీదే అక్కా."

ఆమె కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఓబులేసు కూడా అటు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. మర్నాడు పొద్దున జయమ్మ లేచింది, ఎవరినీ ఏమీ అడగలేదు, తన పొయ్యి తనే వెలిగించుకుంది. బొరుగులు నీళ్ళలో ముంచి పిండి, పచ్చిమిరపకాయలు, ఉల్లిపాయలు తాలింపు వేసి, పప్పులపొడి చల్లి ఉగ్గాని చేసింది. ఆ వాసనకు దానియేలు పిల్లలు కూడా గోడ దూకి వచ్చారు. జయమ్మ అందరికీ పెట్టి, చివర్న తన పళ్ళెంలో పెట్టుకుని, తీరిగ్గా, తనకు నచ్చినంతసేపు తిన్నది. ఆ మూడు రోజులూ ఆ ఇంట్లో ఓబులేసు అంత సంతోషంగా ఉన్నవాడు లేడు.

నాలుగో రోజు నోటీసు వచ్చింది. "రేపు ఉదయం పదకొండు గంటలకు పశువుల పాక తనిఖీ చేయబడును. పశువును చూపవలెను. పాకలో మనుషులు నివసించరాదు."

ఓబులేసు ముందు ఉప్పలమ్మ దగ్గరికి పరిగెత్తాడు.

"ఒక్క గంటకు నీ బర్రెను ఇయ్యి ఉప్పలమ్మా."

ఉప్పలమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది. "పాలల్ల నీళ్ళని కాయిదం రాసిండ్రు. ఇప్పుడు బర్రెనే కావాల్నా? తోల్కపోండ్రి గని, నా బర్రె కొత్త ఇండ్లల్ల దూరది, ముందుగాలనే చెప్తున్న."

తర్వాత అక్క దగ్గరికి వెళ్ళి నసిగాడు. "రేపు ఒక గంటసేపు నీ గదిలో బర్రెను కట్టేయాల అక్కా. ఆఫీసరు వస్తాడు. ఏదో రూలు."

"కట్టేయ్‌రా, దానికేమి! పశువు అడుగుపెడితే ఇంటికి మంచిదే" అని జయమ్మ నవ్వింది. రూలేమిటో ఆమె అడగలేదు, ఆయన చెప్పలేదు.

మర్నాడు ఉప్పలమ్మ అన్నంతా అయింది. మనిషి కోసం పెట్టిన తలుపు మనిషికి సరిపోయేంతే ఉంది. బర్రె తల దూర్చింది, పొట్ట దగ్గర ఆగిపోయింది. దానియేలుకు ఆ వారం మధ్యాహ్నం షిఫ్టు కావడంతో వెనకనుంచి భుజం పెట్టి తోశాడు. ఓబులేసు ముందునుంచి తాడు లాగాడు. బర్రె ఇద్దరినీ లెక్కచెయ్యక గడప మీద పేడ వేసింది. టైము పదిన్నర.

"దాన్ని అట్ల లాగొద్దురా, భయపడతా ఉంది" అంటూ జయమ్మ వెనక కిటికీలోంచి కుడితి బకెట్టు లోపల పెట్టించి, బర్రెను ఒక అడుగు వెనక్కి తీయించి తనూ లోపలికి వెళ్ళి "దా తల్లీ, దా" అని పిలిచింది. బర్రె పొట్ట బిగించి, తలుపు చెక్కలు కిర్రుమంటుంటే లోపలికొచ్చింది. వచ్చీ రాగానే కుడితి వదిలేసి బొరుగుల మూటలో మూతి పెట్టింది. పక్కకు తిరగడంలో వెనక కాలు తగిలి పొయ్యి ఒకవైపు కూలిపోయింది.

ఓబులేసు అయ్యో అన్నాడు. జయమ్మ కూలిన మట్టిని చూసి ఒక్క క్షణం ఆగింది. "పోనీలే. మట్టే కదా, మళ్ళీ వేసుకుంటాను. ఆఫీసరు ఎండన పడి వస్తాడని పొద్దున్నే ఉగ్గాని చేసి ఆ గిన్నెలో మూతపెట్టినాను, అది పడిపోలేదు, అంతే చాలు."

ఇన్‌స్పెక్టర్ రంగనాథ్ సరిగ్గా పదకొండింటికి వచ్చాడు. సన్నటి మనిషి, చేతిలో గొడుగు, చంకలో ఫైలు. పాకలోకి తొంగిచూశాడు. బర్రె ఉంది. పేడ ఉంది. చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, చేతులకు తవుడు అంటుకుని, బర్రె పలుపుతాడు పట్టుకుని జయమ్మ ఉంది. ఆయన ముక్కు ఎగబీల్చాడు.

"పశువుల పాకలో తాలింపు వాసన వస్తా ఉందే?" అని అడిగి, జయమ్మ వైపు చూశాడు. "ఎవరీమె?"

ఓబులేసుకు నోటీసులో చివరి వాక్యం కళ్ళముందు నిలిచింది. అబద్ధపు అర్జీ పెట్టాడని రంగనాథ్ రాస్తాడు. ఆ నకలు యూనివర్సిటీకి వెళ్తుంది. మెమో తర్వాత ఇంకో మెమో, ఇరవయ్యొక్క ఏళ్ళ సర్వీసు పుస్తకంలో ఎర్ర సిరా. ఇదంతా ఆలోచించడానికి ఆయనకు ఊపిరి తీసుకునేంత సేపు కూడా పట్టలేదు.

"పశువును చూసుకునే మనిషి సార్. పనిమనిషి."

వంటింటి గుమ్మంలో రమాదేవి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఉప్పలమ్మ ఏదో అనబోతే, దానియేలు ఆమె చెయ్యి పట్టి ఆపాడు. జయమ్మ తమ్ముడి వైపు ఒక్కసారి చూసింది. ఆ చూపులో కోపం ఉన్నా ఓబులేసు బతికిపోయేవాడు. చిన్నప్పుడు వాడు బడిలో ఏదో తప్పు చేసి వచ్చి కొంగు చాటున దాక్కుంటే ఎలా చూసేదో అలా చూసింది. తర్వాత కొంగు తలమీదికి లాక్కుని రంగనాథ్ వైపు తిరిగింది.

"అవున్సామీ. ఈ అయ్య దగ్గర పనిచేస్తాను. పొద్దున ఇంత ఉగ్గాని చేసుకుంటి. తింటారా సామీ?"

"ఉగ్గానా!" రంగనాథ్ ఫైలు గోడ మీద పెట్టేశాడు. "మాది ఆళ్ళగడ్డ పక్కన. ఇది తిని ఆరేండ్లయింది."

జామచెట్టు కింద నిలబడి ఆకులో పెట్టిందంతా తిన్నాడు. తింటూ అడిగాడు. "నీది యా ఊరమ్మా?"

"నంద్యాల, సామీ."

"నీకు సొంతోళ్ళు ఎవరూ లేరా?"

"తమ్ముడున్నాడు సామీ. బాగా చదువుకున్నాడు. పెద్ద ఉద్యోగం."

"మరి చూడడా నిన్ను?"

"చూస్తాడు సామీ. మంచోడే. వానికి పనులెక్కువ."

ఓబులేసు నేలవైపు చూస్తూ నిలబడ్డాడు. భూమి విచ్చుకుంటే అందులో దూరిపోయేవాడే. భూమికి అలాంటి అలవాటు లేదు.

రంగనాథ్ చేయి కడుక్కుని ఫైలు విప్పాడు. "ఓబులేసుగారూ, నేనొచ్చిన పని నిజానికి వేరేది. నిరుడు మీరు పెట్టిన మొదటి అర్జీ నకలు ఒకటి మా పై ఆఫీసరు దగ్గరికి చేరింది. భర్త పోయిన అక్క కోసమని రాసినారు కదా, అది చదివి ఆయనకు మనసు కరిగింది. దూరం రూలు సడలించి, మనుషులుండే గదికే అనుమతి ఇయ్యమని రాసినాడు. ఇదో, సంతకం కూడా అయింది. అంతలో మీదే ఇంకో నకలు వచ్చింది, పశువుల పాక అని. ఏది నిజమో చూసి, అక్కగారు ఉంటే ఈ అనుమతి ఆమె చేతికే ఇచ్చి రమ్మని నన్ను పంపినారు. ఏరీ ఆమె?"

ఒక్క మాట చాలు. ఈమే మా అక్క అనాలి, అంతే. అలా అనాలంటే ఇంతకు ముందు అన్నది అబద్ధమని ఒప్పుకోవాలి, అధికారి ముందు, నలుగురి ముందు. ఓబులేసు నోరు తెరిచాడు. జయమ్మ కనిపించీ కనిపించనట్టు తల అడ్డంగా ఊపింది. తమ్ముడి ఉద్యోగానికి మాట వస్తుందని ఆమె భయం. పిరికివాడికి ఆ మాత్రం ఊతం చాలు.

"అక్క రాలేదు సార్" అన్నాడు ఓబులేసు. "నంద్యాలలోనే ఉంది."

"అయ్యో! వచ్చి ఉంటే ఎంత బాగుండు" అని రంగనాథ్ నిజంగానే బాధపడ్డాడు. సంతకమైన అనుమతి మీద అడ్డంగా గీత కొట్టి, ఇందులో మనుషులు ఉండకూడదని మరోసారి చెప్పి, పశువుల పాక కాగితం మీద సంతకం చేసి ఇచ్చాడు. పోతూ పోతూ జయమ్మతో "నీ చేతి వంట బాగుందమ్మా" అన్నాడు.

ఆయన గొడుగు సందు మలుపు తిరగ్గానే ఓబులేసు అక్క కాళ్ళ దగ్గర కూలిపోయాడు. "రేపే ఆఫీసుకు పోయి నిజం చెప్తాను అక్కా!"

"వద్దురా. సంతకమైనాక మాట మార్చకూడదని అందరికీ చెప్పేది నువ్వే కదా." ఆమె వాడి తల నిమిరింది. చేతికున్న తవుడు వాడి జుట్టుకు అంటింది. "పాకలో మనిషి ఉండకూడదంట కదా. నేనుంటే నీకు ఎప్పుడైనా ముప్పే."

"అయితే ఇంట్లో ఉండండి వదినా. నా వంటిల్లు మీది కాదా?" అని రమాదేవి ఏడ్చింది.

"నీ మంచితనం నాకు తెలుసమ్మా. నేను వచ్చింది చోటు కోసం కాదు, పొయ్యి కోసం."

రెండు రోజుల తర్వాత కాచిగూడలో రైలెక్కించడానికి ఓబులేసు ఒక్కడే వెళ్ళాడు. బొరుగుల మూట ఖాళీ అయింది కాబట్టి సామాను రేకు పెట్టె ఒక్కటే. బండి కదిలేముందు జయమ్మ కిటికీ చువ్వల దగ్గరికి మొహం తెచ్చింది. ఏదైనా అంటుందేమో, తిట్టినా బాగుండునని ఓబులేసు చువ్వలు పట్టుకున్నాడు.

"ఓబులా, ఆ తలుపు కొంచెం వెడల్పు చేయించురా. పాపం, దాని పొట్టకు గీరుకుంది" అన్నది.

ఖాయపు అనుమతి నెలలో వచ్చింది. మూడు నెలల్లోగా పాకలో పశువు లేకపోతే అనుమతి రద్దు చేసి కట్టడం కూలగొడతామని అందులో ఉంది. చేసేది లేక ఓబులేసు ఆ బర్రెనే ఉప్పలమ్మ దగ్గర కొన్నాడు, తలుపు వెడల్పు చేయించాడు. కిటికీలోంచి గాలి, దీపం గూట్లో దీపం. తార్నాకలో అంత మర్యాదగా బతికిన బర్రె ఇంకొకటి లేదు. కూలిన పొయ్యిని మాత్రం ఆయన తీయనివ్వలేదు. నంద్యాల నుంచి నెలకొక కార్డు వస్తూనే ఉంది. దగ్గు ఎక్కువైందని ఒకసారి, వరండాకు తడిక కట్టించారని ఒకసారి. ఆ రోజు సంగతి ఒక్కదానిలోనూ లేదు. ప్రతి కార్డు చివర "బర్రె బాగుందా?" అని మాత్రం ఉండేది.

మళ్ళీ దసరా వెళ్ళాక ఒక ఆదివారం పొద్దున ఓబులేసు కాఫీ తాగి, అక్కకు ఉత్తరం రాయడానికి కూర్చున్నాడు. సంజాయిషీకి నాలుగు పేజీలు గబగబా రాసిన చేతికి నాలుగు వాక్యాలు రాయడానికి పూట పట్టింది. "నువ్వు పనిమనిషివి కాదు అక్కా. నన్ను పెంచినదానివి. ఆ రోజు నా ఉద్యోగం కోసం భయపడి అబద్ధం చెప్పినాను. ఆ గది నీది." సంతకం పెట్టాడు. అలవాటు ప్రకారం కింద ఎడమవైపు "నకలు:" అని రాశాడు. పెరట్లో బర్రె అరిచింది. రంగనాథ్ పేరు రాయడానికి కలం ఎత్తాడు, చాలాసేపు అలాగే పట్టుకున్నాడు, తర్వాత నకలు అన్న మాటను జాగ్రత్తగా కొట్టేసి, కవరు అంటించి, డబ్బాలో వేసి వచ్చాడు.

ఇరవై రెండేళ్ళ సర్వీసులో నకలు తప్పనిసరిగా పంపవలసిన కాగితం అదొక్కటే.